పద్నాలుగు నెలల ఖాసదారు అడగని ప్రశ్న

మా సాహెబు పద్నాలుగు నెలలు పార్లమెంటు సభ్యుడిగా ఉన్నాడు. అందులో ఢిల్లీలో ఎన్ని రోజులున్నాడో నాకు బాగా తెలుసు, ఆయన టిక్కెట్లు తీసింది నేనే. ఆ సంఖ్య మాత్రం చెప్పను. చెబితే మీరు నవ్వుతారు, ఆ నవ్వులో సగం నాకూ తగులుతుంది.

నాయకుల దగ్గర కొలువు కావాలని ఈ మధ్య కుర్రవాళ్లు నా దగ్గరికి వస్తున్నారు. చదువుకున్నవాళ్లు, ఫోన్లో వీడియోలు చేయడం వచ్చినవాళ్లు. పని ఎలా ఉంటుందని అడుగుతారు. పని సంగతి ఎవరైనా చెబుతారు. నేను చెప్పగలిగింది ఒక సోమవారం సంగతి. వాళ్లకు విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నాను.

ఖాసదారంటే మహారాష్ట్రలోని మా షోలాపూర్లో ఎంపీ. ఎమ్మెల్యేని ఆమ్దారంటాం. మా సాహెబు మూడుసార్లు ఆమ్దారు, ఒకసారి సగం కాలం రాష్ట్ర మంత్రి. అంతకు ముందున్న ఖాసదారు పదవిలో ఉండగానే చనిపోయాడు. ఆ కుర్చీ కోసం పార్టీలో ఇద్దరు పెద్దవాళ్లు కొట్టుకున్నారు. ఇద్దరు గిరాకీలు ఒకే చద్దరు పట్టుకుని లాగుతుంటే దుకాణదారుడు దాన్ని దారినపోయే మూడోవాడికి అమ్మేసినట్టు, పార్టీ ఆ టిక్కెట్టు మా సాహెబుకిచ్చింది. గెలిచాడు. పద్నాలుగు నెలల తర్వాత మళ్లీ ఎన్నికలు వచ్చినప్పుడు పార్టీకి ఆయన పేరు గుర్తు రాలేదు. ఇప్పుడు ఎవరూ మెట్లెక్కని ఒక కార్పొరేషన్‌కి అధ్యక్షుడు. కారు, కారు మీద బోర్డు తిరిగి వచ్చాయి కాబట్టి సంతోషంగానే ఉన్నాడు.

ఇక నేను. భవాని పేటలో టవల్లు, చద్దర్లు అమ్మే దుకాణంలో గల్లాపెట్టె పక్కన పెరిగినవాణ్ణి. పోగు తెగిన టవల్ని తెగని వైపు మడిచి చూపించడం నాకు అక్షరాల కంటే ముందు వచ్చింది. డాక్టరు అయిదు రోజుల మందులు రాస్తే మూడు రోజులకే తగ్గేలా రాయరాదా అని అడిగిన ఘనుణ్ణి. అన్నదమ్ములు విడిపోయి దుకాణం మూతపడ్డాక, మూడు భాషల్లో బేరమాడగలడన్న ఒక్క గుణం చూసి సాహెబు నన్ను తన కచేరీలో పెట్టుకున్నాడు. పేరుకు ప్రజా సంపర్క అధికారిని. అందరూ సేట్ అనేవారు. దుకాణం పోయినా పిలుపు మిగిలింది.

ఢిల్లీ ఆయనకు మొదటి రోజే నచ్చలేదు. ముంబైలో మంత్రిగా ఉన్నప్పుడు వరండాలో నడిస్తే బెంచీల మీది వాళ్లు లేచి నిలబడేవారు. ఢిల్లీలో పార్లమెంటు క్యాంటీన్లో వడ్డించేవాడు ‘మీది ఏ రాష్ట్రం?’ అని అడిగాడు. సభలో ఆయనకు ఇచ్చిన చోటు వెనక వరసలో, స్తంభం పక్కన. అక్కడ కూర్చుంటే టీవీలో మోచెయ్యి మాత్రం కనిపిస్తుంది. ‘అరే సేట్, గా మోచేయి నాదే అని జనాలకు ఎట్ల తెలుస్తది?’ అని నన్ను నిజంగానే అడిగాడు. ఆ తర్వాత ఢిల్లీ వెళ్లినప్పుడల్లా రెండో రోజుకు ఆయనకు జలుబు చేసేది. షోలాపూర్ చేరగానే తగ్గేది.

ఢిల్లీలో ఆయన పని చూడటానికి ఒక పెద్దాయన ఉండేవాడు. అంతకు ముందు ఆరుగురు సభ్యుల దగ్గర పనిచేసినవాడు. హిందీలో నెమ్మదిగా, ఒక్కో మాట తూకం వేసి మాట్లాడేవాడు. నేను ఆయన్ను చూసింది రెండుసార్లే, మిగతాదంతా ఫోన్లోనే. పార్లమెంటు గురించి నాకు తెలిసిన నాలుగు ముక్కలూ ఆయన నేర్పినవే. సభలో నోటితో అడిగే ప్రశ్నలకు లాటరీ తీస్తారు. పేరు పైన వస్తే ఆ రోజు పదకొండు గంటలకు స్పీకర్ పిలుస్తాడు. సభ్యుడు లేచి తన ప్రశ్న నంబరు చెప్పాలి. మంత్రి జవాబిచ్చాక, దాని మీద అనుబంధ ప్రశ్న వేయవచ్చు. అసలు బలమంతా ఆ రెండో ప్రశ్నలోనే ఉంటుందనేవాడు. ‘మొదటి జవాబు గుమాస్తా రాసిస్తాడు. రెండోది మంత్రి తన నోటితో చెప్పాలి. చెప్పిన మాట రికార్డులోకి ఎక్కుతుంది. ఎక్కితే ఫైలు కదులుతుంది.’

అలాంటి రెండో ప్రశ్న ఒకటి మా దగ్గరికి నడిచి వచ్చింది.

బీడీ కార్మికుల కాలనీ నుంచి పదిహేను మంది ఆడవాళ్లు మా కచేరీకి వచ్చారు. అందరికంటే ముందు ఉన్నామెను నేను అక్కా అనేవాణ్ణి. అరవై దగ్గర వయసు. కూర్చోగానే చాట ఒళ్లో పెట్టుకుని ఆకు చుట్టడం మొదలుపెట్టింది. మాట్లాడినంత సేపూ చేతులు ఆగలేదు. మధ్యలో దగ్గు వచ్చినప్పుడు మాత్రం ఆగాయి. దగ్గు వస్తే ఆమె భుజాలు చెవుల దాకా లేచేవి. తంబాకు దుమ్ము నలభై ఏళ్లు పీల్చిన ఛాతీ అది.

వాళ్ల కాలనీలో బీడీ కార్మికుల కోసం సర్కారు పెట్టిన దవాఖానా ఒకటుంది. రెండు గదులు, ఒక బెంచీ, ఆవిరి పట్టే మిషన్. అక్కకు ఊపిరి అందనప్పుడు నాలుగు అడుగులు వేస్తే ఆ మిషన్ దొరికేది. దాన్ని ఎత్తేసి ఊరికి అవతలి కొసనున్న ఇంకో దవాఖానాలో కలిపేస్తామని ఢిల్లీ నుంచి కాగితం వచ్చింది. కారణం, రోగులు తగ్గిపోయారట.

‘ఎందుకు తగ్గిర్రు అక్కా?’ అన్నాను.

‘డాక్టరు వారానికి రెండుసార్లు వస్తుండె. తర్వాత ఒక్కసారి. ఇప్పుడు ఆర్నెల్ల సంది రానే రాడు. కంపౌండరేమో కాళ్లు గుంజినా, కండ్లు మండినా అదే పచ్చగోలి ఇస్తడు. మరి మేమెందుకు పోతం? మేం పోకుంటే రిజిస్టర్ల పేర్లేడికెల్లి వస్తయి? డాక్టర్ని వాళ్లే బంద్ చేసిర్రు, మీరే వస్తలేరని మల్ల మమ్ములనే అంటుర్రు. గీ ఒక్క ముచ్చట ఆడ అడుగుమను నీ సాహెబును. ఇంకేం వద్దు.’

‘అవతలి దవాఖానాకు పోలేరా?’

‘రెండు రిక్షలు మారాలె తమ్మీ. పూట పని పోతది. ఊపిరి ఆడనప్పుడు రెండు రిక్షలు ఎక్కెటట్టుంటే నాకు దవాఖానా ఎందుకు?’

ఆ మాటలనే నేను శుభ్రమైన హిందీలోకి మార్చి ఒక కాగితం మీద రాశాను. మొదటి ప్రశ్న: దవాఖానాను తరలించే ఆలోచన ఉందా, ఉంటే కారణమేమిటి. రెండో ప్రశ్న: డాక్టరును నియమించకుండా రోగులు తగ్గారని ఎలా తేల్చారు. ఢిల్లీ పెద్దాయనకు చదివి వినిపించాను. ‘ఈ రెండోది ఎవరు రాశారు?’ అన్నాడు. బీడీలు చుట్టే ఆమె చెప్పిందన్నాను. ‘ఆరుగురు సభ్యుల దగ్గర పనిచేశాను. ఇంత మంచి ప్రశ్న ఒక్కరూ ఇవ్వలేదు’ అని మొదటి ప్రశ్నను నోటీసుగా ఇచ్చాడు. రెండోది సాహెబు జేబులో ఉండాలి.

నోటీసు అందినట్టు రసీదు వచ్చిందో లేదో, మా సాహెబుకు సత్కారం చేయాలని తీర్మానమైపోయింది.

ఇది బయటివాళ్లకు కొంత విడ్డూరంగా ఉంటుంది. మా పేటల్లో మగ్గానికి నూలు చుట్టిన కొత్త బీము ఎక్కించిన రోజు కొబ్బరికాయ కొడతాం. ఆ నూలంతా బట్టయి దిగిన రోజు ఎవరూ కొట్టరు, అప్పటికి మనసు తర్వాతి బీము మీద ఉంటుంది. అందుకే మాకు ఏ పనైనా మొదలైతే అయినట్టే. దరఖాస్తు కాగితం లోపలికి వెళితే చాలు, పేఢాలు పంచుతాం. ప్రశ్న ఇచ్చాడంటే అడిగినట్టే, అడిగాడంటే దవాఖానా నిలిచినట్టే. బీడీ కార్మికుల గొంతును పార్లమెంటులో వినిపించిన ఖాసదారుకు శాలువా, కొబ్బరికాయ, ఫేటా. గులాబీ రంగు తలపాగాను మావైపు ఫేటా అంటాం, దాన్ని తల మీద మడతలుగా కట్టడానికి ఒక మనిషి ప్రత్యేకంగా వస్తాడు. సాహెబుకు ఫేటా అంటే ప్రాణం. బట్టతల కనపడదు.

ఏర్పాట్లన్నీ నా మీద పడ్డాయి. ఇక్కడే నా తెలివి మొదలైంది. మరమగ్గాలకు మావైపు సోమవారం సుట్టీ. ఆ రోజయితే జనం దొరుకుతారు. పైగా ఆషాఢం, పెళ్లిళ్లు లేవు, జోడ్‌భావి పేటలోని కల్యాణ మండపం ఖాళీగా పడుంది. యజమానిని పట్టుకుని గంటసేపు సాధించి, మండపంతో పాటు కుర్చీలు, మైకులు, చివరికి వేదిక మీది పూలకుండీలు కూడా అదే ధరలో రాయించుకున్నాను. అతను చేతులెత్తి దండం పెట్టాడు. ఇంటికి వెళ్లి ఆ బేరాన్ని మా ఆవిడకు రెండుసార్లు వర్ణించాను. కార్మిక శాఖ ప్రశ్నలు పార్లమెంటులో ఏ రోజు వస్తాయో ఢిల్లీ పెద్దాయన్ని ఒక్కమాట అడిగి ఉంటే సరిపోయేది. దుకాణంలో పుట్టినవాడికి ధర అడగాలని తోస్తుంది, రోజు అడగాలని తోచదు.

పోస్టర్లు అంటించిన తర్వాత, గురువారం నాడు ఢిల్లీ నుంచి ఫోన్ వచ్చింది. పెద్దాయన గొంతులో మొదటిసారి ఉత్సాహం విన్నాను.

‘లాటరీలో మన ప్రశ్న మూడో నంబరు. మూడోదంటే తప్పకుండా సభలోకి వస్తుంది. సోమవారం పదకొండు గంటలకు ఆయన తన చోట్లో ఉండాలి. అంతే.’

నేను ముందు స్కూటరు తీసి కాలనీకి వెళ్లాను. అదీ నా బుద్ధే. మంచి వార్త నా నోటితోనే చెప్పాలి. ఆడవాళ్లు చుట్టూ చేరారు. సోమవారం పదకొండింటికి టీవీలో చూడండి, మూడో నంబరు మనదే అన్నాను. ‘నక్కీనా?’ అని ఖాయం చేసుకుంది అక్క. ‘నక్కీ’ అన్నాను. సాయంత్రం అయిదింటికి సత్కారం అని పోస్టరు చూశారు కదా, పొద్దున అక్కడ అడిగి, విమానమెక్కి సాయంత్రానికి ఇక్కడ వాలతాడని వాళ్లే లెక్కేసుకున్నారు. నేను కాదనలేదు. నా లెక్కా అదే.

సాహెబు లెక్క వేరు.

‘సోమారమా? సోమారం సత్కారం కదరా సేట్?’

‘అవును సాహెబ్. పదకొండున్నరకల్ల ప్రశ్న అయిపోతది. మధ్యాహ్నం పుణెకు విమానం. ఆడ కారు పెడత. ఏడున్నర, ఎనిమిదింటికల్ల మండపంల ఉంటరు.’

‘జనాలు అయిదింటికి వస్తరు. ఎనిమిది దాక నా ఫోటో చూసుకుంట కూసుంటరా? వానలు పడుతున్నయి. విమానం లేటైతే ఏంది? సత్కారం పెట్టుకోని మనిషే రాలేదంటే పేట్ల తలెత్తుకోవాల్నా వద్దా?’

‘అయితే సత్కారం ఒక వారం తర్వాత పెట్టుకుందాం.’

‘పోస్టర్లు పడ్డయి.’

‘మల్ల ఏద్దాం.’

ఈ మాట నా నోటినుంచి వచ్చింది కానీ గట్టిగా రాలేదు. గట్టిగా ఎందుకు రాలేదో చెబుతాను. తర్వాతి సోమవారం ఆ మండపం ఇంకెవరికో ఇచ్చేశారు. నేను మళ్లీ వెళ్లి బతిమాలాలి. ఆ బేరం గురించి అప్పటికే పేటంతా చెప్పుకున్నాను. దానికి తోడు వేదిక మీద రెండో వరసలో నాకు ఒక కుర్చీ ఉంది. దుకాణం పోయిన తర్వాత నన్ను చూసి జాలిపడిన మా చుట్టాలందరూ ఎదురుగా కింద కూర్చోబోతున్నారు.

సాహెబు నా మొహంలోకి చూస్తూ కూర్చున్నాడు. ఆ చూపు నాకు బాగా తెలుసు. కొనాలని ఉండి, కొనడానికి ఒక్క కారణం చెప్పమని అడిగే గిరాకీ చూపు అది. చిన్నప్పటి నుంచి ఆ చూపుకు జవాబు చెప్పడమే నా వృత్తి. చెప్పాను.

‘మనిషి లేకున్నా జవాబు ఎట్లైనా వస్తది సాహెబ్. కాగితం మీద.’

‘వస్తదా?’

‘వస్తది.’

‘మరి ఇంకేంది?’ అని చెప్పుల కోసం కాళ్లతో వెతకడం మొదలుపెట్టాడు.

ఢిల్లీ పెద్దాయనకు ఫోన్లో చెప్పినప్పుడు కోప్పడతాడనుకున్నాను. కోప్పడలేదు. ‘కాగితం జవాబును పోస్టుమాన్ కూడా తెస్తాడు భాయీ. దానికి మనిషిని ఎన్నుకోవడం ఎందుకు?’ అన్నాడు. ఆ తర్వాత మిగిలిన నెలల్లో ఆయన నాతో పని మాటలు తప్ప ఇంకేం మాట్లాడలేదు.

మధ్యలో రెండు రోజులు ఢిల్లీ వెళ్లినా, ఆదివారం సాయంత్రానికే సాహెబు తిరిగి షోలాపూర్లో దిగాడు. హోట్గి రోడ్డులో తెలిసినవాళ్ల బంగళాలో బస.

సోమవారం పొద్దున సభకు జనాన్ని తెచ్చే రిక్షాలు మాట్లాడటానికి కాలనీకి వెళ్లాల్సి వచ్చింది. పదకొండు దాటాక వెళదామనుకున్నాను. రిక్షా సంఘంవాళ్లు పదిన్నరకే రమ్మన్నారు. తలుపులు మూసుకున్న సందుల్లోంచి పోదామని చూశాను కానీ ఆ కాలనీలో తలుపులు మూసుకునే ఇళ్లు లేవు.

‘ఏ తమ్మీ! ఎటు పోతున్నవ్? రా, కూసో, మనది వచ్చే యాళయింది!’

అక్క ఇంటి అరుగు మీద ముప్పయిమందికి పైగా ఉన్నారు. టీవీని కిటికీలో బయటికి తిప్పి పెట్టారు. చాటలు ఒళ్లోనే ఉన్నాయి, ఎవరూ చుట్టడం లేదు. ఆ కాలనీలో పగటిపూట అన్ని చేతులు ఖాళీగా ఉండటం నేను ముందు ఎప్పుడూ చూడలేదు. నాకు పీట వేశారు. చాయ్ ఇచ్చారు. లేచి వెళ్లడానికి ఒక్క సాకు దొరకలేదు. సాకులు అమ్ముకుని బతికినవాణ్ణి, నాకే దొరకలేదు.

మొదటి ప్రశ్న ఉల్లిగడ్డల మీదో దేని మీదో చాలాసేపు సాగింది. ఆడవాళ్లు టీవీలో సాహెబును వెతుకుతున్నారు.

‘గా మూలకు తెల్ల చొక్క, ఆయనేనా?’

‘కాదే, గాయనకు జుట్టుంది.’

‘వెనక స్తంభం కాడ కూసుంటడట. మోచెయ్యి చూడుర్రి, మోచెయ్యి!’

నవ్వులు. రెండో ప్రశ్న అయిపోయింది. స్పీకర్ మూడో నంబరు చెప్పి, మా సాహెబు పేరు పిలిచాడు. సొంత ఊరి మనిషి పేరు అంత పెద్ద చోట వినిపిస్తే ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. అరుగు మీద ఒక్కసారిగా గాజులు కదిలిన చప్పుడు. ఎవరో చప్పట్లు మొదలుపెట్టబోతే అక్క చెయ్యెత్తి ఆపింది, మాట వినపడదని.

టీవీలో ఎవరూ లేవలేదు. స్పీకర్ రెండోసారి పిలిచాడు. కెమెరా వెనక వరసల మీదుగా మెల్లగా వెళ్లింది. స్తంభం కనిపించింది. స్తంభం పక్కన కుర్చీ కనిపించింది. మోచెయ్యి లేదు. ‘సభ్యులు లేరు. నాలుగో ప్రశ్న’ అన్నాడు స్పీకర్. నాలుగో ప్రశ్న ఏదో వంతెన గురించి. అడిగేవాడు అప్పటికే లేచి నిలబడి ఉన్నాడు.

‘కాయ్ ఝాలం?’ అంది ఒకామె మరాఠీలో. ఏమైందో ఎవరికీ అర్థం కాలేదు. అందరూ నా వైపు తిరిగారు.

‘బయటికి పోయిండేమో’ అన్నాను. చాలలేదు. ‘ట్రాఫిక్ల ఇరుక్కున్నట్టుంది. ఢిల్లీ కదా.’

‘అయ్యో పాపం’ అని ఒక ముసలామె సాహెబు కోసం నిట్టూర్చింది. అక్క మాత్రం నా చేతిలోని చాయ్ గ్లాసు వైపు చూసింది. నేను తాగలేదు, అది చల్లారి మీగడ కట్టింది. ఆమె గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. ఆ సమయానికి హోట్గి రోడ్డు బంగళాలో మా సాహెబు ఫేటా కట్టేవాడి ముందు కూర్చుని, గులాబీ రంగా, కాషాయమా అని తేల్చుకుంటున్నాడు. నాకు ఫోటోలు కూడా పంపాడు.

సాయంత్రం మండపం నిండింది. రిక్షాలు వెళ్లాయి కాబట్టి కాలనీ ఆడవాళ్లూ వచ్చారు. మూడో వరస నుంచి అయిదో వరస దాకా వాళ్లే. నేను వేదిక మీద రెండో వరసలో నా కుర్చీలో కూర్చున్నాను. మా చుట్టాలు కింద కనిపించారు. చెయ్యూపారు. నేనూ ఊపాను.

శాలువాలకు ముందే సాహెబు మైకు అందుకున్నాడు. మైకు చూస్తే ఆగలేడు. మీ కన్నీళ్లను పార్లమెంటు గోడలకు పూసి వచ్చానన్నాడు. ఆ మాట ఎవరు రాసిచ్చారని అడగకండి. ఆ తర్వాత రాసివ్వనిది కూడా అన్నాడు: ‘మీ మీద ప్రేమతోని ఢిల్లీల నా మనసు నిలువలే. సత్కారం ఇయ్యాల అంటే నేను నిన్న సాయంత్రమే వచ్చి ఈడ కూసున్న!’

ముందు వరసల్లో చప్పట్లు కొట్టారు. మూడో వరస నుంచి అయిదో వరస దాకా ఒక్క చెయ్యి కదలలేదు.

ఇక సత్కారాలు. మైకు దగ్గరివాడు ఒక్కో సంఘాన్నీ పిలుస్తున్నాడు. చద్దర్ల కార్ఖానాదారులు వచ్చారు, శాలువా కప్పారు. రిక్షా సంఘం వచ్చింది. భజన మండలి వచ్చింది. ‘ఇప్పుడు మన బీడీ కామ్‌గార్ మహిళలు, సాహెబుకు సత్కారం చేస్తరు’ అన్నాడు. సాహెబు ఫేటా జారకుండా ఒక చేత్తో పట్టుకుని మెడ వంచాడు.

ఎవరూ లేవలేదు. ‘బీడీ కామ్‌గార్ మహిళలు! రావాలె, జల్ది రావాలె!’ అని మళ్లీ పిలిచాడు. అక్క కుర్చీలో వెనక్కి ఆనుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని వేదిక వైపు చూస్తోంది. ఆమె లేవకపోతే మిగిలినవాళ్లు లేవరు. సాహెబు మెడ వంచే ఉన్నాడు. వంచిన మెడను ఏం చేయాలో ఆయనకు తెలియలేదు. ఫేటా తోక ముందుకు జారింది. పక్కనున్న కెమెరావాడు కళ్లు ఆర్పకుండా ఎదురు చూస్తున్నాడు.

అప్పుడు నేనేం చేశానో చెప్పాలి. ఈ కథ రాయడానికి ఇన్నాళ్లు పట్టింది అందుకే. లేచాను, బల్ల మీద ఉన్న శాలువా ఒకటి తీసుకున్నాను, ‘బీడీ మహిళల తరఫున’ అని మైకులో వినపడేంత గట్టిగా అని, సాహెబు భుజాల మీద కప్పాను. కెమెరా మెరిసింది. సాహెబు మెడ లేచింది. మా చుట్టాలు చప్పట్లు కొట్టారు. బేరం చెడిపోతుంటే చూస్తూ కూర్చోలేని రోగం అది. ఆడవాళ్లు అప్పుడు లేచారు. అక్క ముందు, తర్వాత వరసలు వరసలుగా, తలుపు వైపు నడిచి వెళ్లిపోయారు. ఆ సంగతి పేపర్లో రాలేదు. ఫోటో వచ్చింది.

కాగితం జవాబు వారంలో వచ్చింది. తరలించే ఆలోచన ఉంది, రోగుల సంఖ్య తగ్గినందున. రెండు వాక్యాలు. సాహెబు దానికి అద్దం కట్టించి కచేరీ గోడకు తగిలించాడు. పార్లమెంటు ముద్ర ఉంది కదా అన్నాడు.

దీపావళి తర్వాత దవాఖానా మూయడానికి ఒక అధికారి వచ్చాడు. పుణె నుంచి, నెమ్మదైన మనిషి, మరాఠీ ఆయన. సామాను జాబితా రాయించడానికి ఖాసదారు కచేరీ నుంచి ఎవరైనా ఉండాలన్నారు. సాహెబు నన్ను పంపాడు. ‘గొడవ కానియ్యకు’ అన్నాడు. ఆడవాళ్లు బయట నిలబడ్డారు. అరవలేదు. కంపౌండరు బీరువాలో సీసాలు లెక్కపెడుతుంటే అక్క లోపలికి వచ్చి అధికారి బల్ల ముందు నిలబడింది. తన మరాఠీలో, మధ్యమధ్య దగ్గుతూ, ఆ రోజు మా కచేరీలో చెప్పిన మాటే చెప్పింది. డాక్టరును పంపకుండా రోగులు రాలేదని ఎలా అంటారు?

అధికారి కలం పక్కన పెట్టాడు. రిజిస్టరు తెప్పించి వెనక్కి తిప్పాడు. డాక్టరు రావడం ఆగిన నెల దగ్గర వేలు పెట్టాడు.

‘ఈ మాట మా దాకా రాలేదమ్మా’ అన్నాడు. ‘పైన ఎవరైనా నోరు తెరిచి ఇదే అడిగి ఉంటే, ఫైలు వెనక్కి వచ్చేది. నేనే వెనక్కి పంపేవాణ్ణి. ఇప్పుడు ఉత్తర్వు అయిపోయింది. అడిగేవాళ్లు లేకపోయారు.’

‘ఉండె సాబ్. అడిగెటాయన ఉండె’ అంది అక్క. ‘గా రోజు ఆయనకు ఫేటా కట్టుడు ఉండె.’

అధికారికి అర్థం కాలేదు. నా వైపు చూశాడు. నేను బీరువాలో సీసాల వైపు చూశాను.

ఆవిరి మిషన్ను ఇద్దరు మనుషులు మోసుకెళ్లి టెంపోలో పెట్టారు. అక్క దాని వెనకే గుమ్మం దాకా వెళ్లి, తిరిగి వచ్చి బెంచీ ఉండాల్సిన చోట నిలబడింది. బెంచీ కూడా అప్పటికి బయటికి వెళ్లిపోయింది. అధికారి కాగితాలు సర్ది, చివరి పేజీ నా ముందు పెట్టాడు. సంతకం లేకపోతే సామాను అవతలికి చేరదు, మందులు ఇక్కడే పాడైపోతాయి అన్నాడు. నిజమే. గొడవ కానియ్యకు అన్నాడు సాహెబు. అదీ నిజమే. నాకు ఎప్పుడూ రెండు కారణాలు చాలు.

సంతకం చేయాల్సిన గడి పైన మరాఠీలో అచ్చేసి ఉంది: స్థానిక ప్రజల సమ్మతితో.

కలం తీశాను. అక్క నా భుజం పక్కకు వచ్చి కాగితంలోకి తొంగి చూసింది. ఆమెకు చదువు రాదు.

‘పైన ఏం రాసి ఉంది తమ్మీ?’

‘తారీఖు అక్కా’ అన్నాను.